ప్రేమ్ బజార్ గోడ మీద ఎన్ని మొక్కలు?

ఖరగ్‌పూర్‌లో నాలుగు వానలు గట్టిగా పడితే చాలు, ప్రేమ్ బజార్ వైపు గోడల రంగు మారిపోతుంది. వేసవంతా నల్లగా ఎండి, గోరుతో గీకితే పొడిగా రాలిన పొర పచ్చగా తేరుకుంటుంది. కాలవ పక్క ఇటుకలు, ఇళ్ల ప్రహరీలు, నీళ్ల ట్యాంకుల కింది సిమెంటు దిమ్మలు, ఎక్కడ తడి నిలిస్తే అక్కడ పచ్చదనమే. అటుగా నడిచేవాళ్లు పాచి పట్టిందనుకుంటారు, కాలు జారకుండా చూసుకుంటారు, అంతే. ఐఐటీ క్యాంపస్ పక్కనే, హిజ్లీ వైపు ఉన్న ఈ బజారులో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. అయినా ఆ పచ్చదనమంతా ఒకే మొక్క కాదనీ, జానెడు గోడ మీదే రెండు మూడు జాతులు పక్కపక్కన బతుకుతుండవచ్చనీ తెలిసినవాళ్లు తక్కువ.

అందులో కొంత నిజంగానే పాచి. శైవలాల జిగురు పొర అది. కాలు జారేది దాని మీదే. దాని పక్కన మెత్తగా, గుబురుగా వేలికి తగిలేవి మాసులు. ఇవి కాండమూ ఆకులూ ఉన్న అసలైన మొక్కలు. వేర్లు మాత్రం ఉండవు; గోడను పట్టుకుని ఉండటానికి గోధుమరంగు మూలతంతువులు ఉంటాయి. చాలా జాతుల్లో ఆకు మందం ఒకే ఒక్క కణం. ఆ ఆకు ఒంటినిండా నీళ్లు తాగుతుంది, ఎండ కాస్తే అంతే తొందరగా ఎండుతుంది. ఎండినంత మాత్రాన చావదు. ఆహారం తయారీ, శ్వాస అన్నీ ఆపేసి మళ్లీ తడి తగిలేదాకా ఓపిక పడుతుంది. ఏప్రిల్‌లో చచ్చిందనుకున్న పొర జూన్‌లో పచ్చబడటం వెనక ఉన్నది ఇదే.

ప్రపంచంలో మాసు జాతులు సుమారు 12,000. మన దేశంలో 1,500కు పైగా ఉన్నాయి. మాసులనగానే అందరి చూపూ హిమాలయాల వైపు, పడమటి కనుమల వైపు పోతుంది. అక్కడ చెట్ల కొమ్మల నుంచి వేలాడేవీ, రాళ్లను పరుపులా కప్పేవీ ఉంటాయి, కంటికి ఇంపుగా ఉంటాయి. ఉత్తరాఖండ్‌లో నైనీతాల్ దగ్గర ఖుర్పాతాల్‌లో 2020లో మాసుల తోటే తెరిచారు. వేడి మైదానాల మాసులకు ఆ భాగ్యం లేదు. ఇవి ఎత్తు కొన్ని మిల్లీమీటర్లే, చూడటానికి ఒకదానిలా ఒకటి ఉంటాయి. జాతిని పట్టిచ్చే భాగాలు ఏడాదిలో కొద్ది వారాలే కనిపిస్తాయి. ఉష్ణమండలపు మాసును గుర్తించడం కష్టం కావడానికి కారణం అవి అరుదు కావడం కాదు. అవి రోజూ కళ్లెదుటే ఉంటాయి గానీ, వాటి తేడాలు కంటికి ఆనవు.

ఖరగ్‌పూర్ లాంటి ఊరు ఈ పనికి ఎంత అనువైనదో దాని నేలనూ గోడలనూ కలిపి చూస్తే తెలుస్తుంది. ఇక్కడి నేల ఎర్ర లాటరైటు, ఆమ్ల గుణం ఉన్నది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలపు పాత కట్టడాల్లో ఇటుకల మధ్య ఉన్నది సున్నం, దానిది క్షార గుణం. ఆ తర్వాత వచ్చిన సిమెంటుదీ అదే గుణం. అంటే గోడ మీద బతికే మాసుకూ, గోడ కింద మట్టిలో బతికే మాసుకూ మధ్య దూరం అడుగే అయినా, వాటి రసాయన లోకాలు వేరు. ఊళ్లో ఈతచెట్లు ఉన్నాయి, వాటి మట్టల మొదళ్లలో తడి దాగుతుంది. పూలకుండీలు ఉన్నాయి, చెరువు గట్లు ఉన్నాయి, చెత్త తగలబెట్టిన చోట్లు ఉన్నాయి. ప్రతి చోటికీ దానికి నచ్చిన మాసు వేరు.

సున్నపు గోడల మీద అన్నిటికన్నా ముందు వెతకవలసినది హయోఫిలా ఇన్‌వొల్యూటా. తూర్పు భారత మైదానాల్లో ఇది లేని పాత గోడ దొరకడం కష్టం. ఎండినప్పుడు దీని ఆకు రెండు అంచులూ లోపలికి ముడుచుకుని, బీడీ చుట్టినట్టు సన్నటి గొట్టంగా మారుతుంది. అప్పుడు దాని ఒంటి రంగు ముదురు గోధుమ. ఒక్క నీటి చుక్క వేసి పదిరెట్లు పెద్దది చేసే భూతద్దంలోంచి చూడాలి. ఆకులు చూస్తుండగానే విచ్చుకుంటాయి, నిమిషం తిరక్కుండా వెడల్పాటి పచ్చటి ఆకుల చిన్న చిన్న గుత్తులు తయారవుతాయి. ఆకు కొన గుండ్రం. మొదలు నుంచి కొన దాకా దళసరి నడిమి ఈనె ఒకటి పోతుంది. కొన దగ్గర అంచుకు సన్నటి రంపపు పళ్లు ఉంటాయి. ఆ పళ్లు లేకుండా అంచు నున్నగా ఉంటే అది హయోఫిలాలోనే వేరే జాతి కావచ్చు. తేడా అంతే, మిల్లీమీటరులో చిన్న భాగం. దాని మీదే పేరు మారుతుంది.

ఇది మైదానాల్లో సిద్ధబీజాల గుళికలు వేయడం తక్కువ. ఆకుల మొదళ్లలో గోధుమరంగు మొగ్గల్లాంటి చిన్న ముక్కలు పుట్టిస్తుంది. వాన నీరు వాటిని గోడ మీదుగా కిందికి మోసుకుపోతుంది, ఆగిన చోట ఒక్కో ముక్కా కొత్త మొక్క అవుతుంది. వాన నీరు కారిన జాడల వెంబడి పచ్చదనం చారలు చారలుగా దిగటంలో దీని చెయ్యి కూడా ఉంటుంది.

దాని పక్కనే బార్బులా ఇండికా ఉంటుంది. మామూలు చూపుకు రెండూ ఒకటే. బార్బులా ఆకు సన్నం, అంచులు హయోఫిలాకు విరుద్ధంగా వెనక్కి ముడుచుకుంటాయి. మైక్రోస్కోపు కింద దాని కణాల మీద చిన్న చిన్న బొడిపెలు దట్టంగా కనిపిస్తాయి, ఈనె వీపున కూడా. హయోఫిలాలోనైతే కణాలు ఆకు పైముఖాన మాత్రమే ఉబ్బెత్తుగా ఉంటాయి, వీపు నున్నన. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంతో తలపడిన ప్రతి విద్యార్థికీ మొదట్లో కళ్లు నొప్పి పుట్టడం ఖాయం.

బ్రయం కుటుంబంతో పని కొంత సులువు. బ్రయం అర్జెంటియం ఆకుల పైభాగంలో పత్రహరితం ఉండదు, అందుకే గుబురంతా వెండి రంగులో మెరుస్తుంది. ఇది రోడ్డు పక్క, ఫుట్‌పాత్ సందుల్లో, మనుషులు తొక్కే చోట్ల బతుకుతుంది. భూమధ్యరేఖ నుంచి అంటార్కిటికా దాకా అన్ని ఖండాల్లోనూ ఉంది. బ్రయం కొరోనేటంకు వెండి రంగు లేదు. దాని గుళికను చూస్తే మాత్రం మరచిపోవడం కష్టం: ఎర్రటి కాడ చివర తలకిందులుగా వేలాడుతుంది, పండితే ముదురు ఎరుపు, మెడ గుళిక కన్నా లావుగా ఉబ్బి ముడతలు పడి ఉంటుంది. గుళిక ఉన్న రోజుల్లో దీన్ని భూతద్దంతోనే చెప్పవచ్చు. గుళికలు రాలాక అదే మొక్కను పట్టుకుని అనుభవజ్ఞులు కూడా ‘బ్రయం జాతి ఏదో’ అని రాసి ఊరుకుంటారు.

ఈ గుళిక అనేది మాసు బతుకులో రెండో తరం. మనకు కనిపించే ఆకుపచ్చ మొక్క మొదటి తరం, అది లైంగిక కణాలను తయారుచేస్తుంది. తడి ఉన్నప్పుడు ఆ నీటిలోనే ఈది మగకణం ఆడకణాన్ని చేరుతుంది. ఆ కలయికతో పుట్టిన రెండో తరం తల్లి మొక్క నెత్తినే పెరిగి, కాడా గుళికా వేసి, సిద్ధబీజాలను గాలికి వదులుతుంది. గుళిక మూత ఊడాక మూతి చుట్టూ పళ్ల వరస బయటపడుతుంది. గాలిలో తేమ హెచ్చుతగ్గులను బట్టి ఆ పళ్లు ముడుచుకుని విచ్చుకుంటూ సిద్ధబీజాలను కొద్దికొద్దిగా వదులుతాయి. వాటి సంఖ్యకు ఒక లెక్క ఉంది: 4, 8, 16, 32, 64. బ్రయంలో బయట 16, లోపల మరో వరస. ఈతచెట్ల మట్టల మొదళ్లలో తెల్లగా పాలిపోయి కనిపించే ఆక్టోబ్లెఫారం ఆల్బిడంలో ఎనిమిదే. హయోఫిలా గుళిక వేసినా దానికి పళ్లు అసలే లేవు. చలికాలంలో తడి మట్టి మీద, కుండీల్లో మొలిచే ఫిజ్కోమిట్రియంకూ లేవు. మూత ఊడాక దాని గుళిక నోరు తెరిచిన చిన్న కప్పుగా మిగులుతుంది.

మాసుల వర్గీకరణకు పునాది పడింది ఈ పళ్ల మీదే. జర్మనీలో వైద్యం చేసుకుంటూ ఖాళీ వేళల్లో మైక్రోస్కోపు ముందు కూర్చున్న యోహాన్ హెడ్విగ్, మాసుల్లో లైంగిక అవయవాలను గుర్తించి, గుళిక పళ్లను ఆధారంగా చేసుకుని వాటిని వర్గాలుగా విడదీశాడు. ఆయన 1799లో చనిపోయాక 1801లో వెలువడిన గ్రంథాన్నే స్ఫాగ్నం మినహా మిగతా మాసులన్నిటి పేర్లకూ ఆరంభంగా ప్రపంచమంతా ఒప్పుకుంది. అంతకుముందు పెట్టిన పేర్లు చెల్లవు.

బెంగాల్‌లో ఈ పని మొదలైన తీరులో తెలుగు నేలకూ కాస్త చోటుంది. కోరమాండల్ తీరపు మొక్కల మీద గొప్ప బొమ్మల గ్రంథం తెచ్చిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేశాకే 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాడు. మొక్కలకు ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. ఆయన దృష్టి పూచే మొక్కల మీదే ఎక్కువ. పూలు పూయని మొక్కల గురించి ఆయన వదిలి వెళ్లిన రాతలను 1844లో కలకత్తాలో అచ్చు వేయించినవాడు విలియం గ్రిఫిత్. 1835లో తేయాకు కోసం అస్సాం వెళ్లిన బృందంలో ఈ గ్రిఫిత్ ఉన్నాడు. దారి పొడవునా మాసులు సేకరించి, 1840ల మొదట్లో కలకత్తాలోని ఒక పత్రికలో వాటి వర్ణనలు ప్రచురించాడు. 1845లో మలక్కాలో చనిపోయేనాటికి వయసు 34.

ఆ తర్వాత పెద్ద పుస్తకం రాసినవాడు ఇంగ్లండులో ఒక మందుల దుకాణదారు. ససెక్స్‌లోని చిన్న ఊళ్లో ఉంటూ విలియం మిట్టెన్ భారతదేశం నుంచి వచ్చిన పొట్లాలన్నిటినీ విప్పి చూసి 1859లో భారత మాసుల మీద తొలి సమగ్ర గ్రంథం తెచ్చాడు. పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌కు జోడుగా నిలిచిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆయన అల్లుడే. 1906లో మిట్టెన్ పోయాక ఆయన సేకరణ న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌కు చేరింది. దీని పర్యవసానం ఈనాటికీ ఉంది. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు ఏ నమూనాను చూసి పెట్టారో ఆ నమూనాయే ఆ పేరుకు సాక్ష్యం. మన గోడల మీది, కొండల మీది మాసుల సాక్ష్యాల్లో చాలా భాగం లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఉంది. సందేహం వస్తే ఇక్కడి పరిశోధకులు అక్కడికి రాయాలి, ఎదురుచూడాలి.

ఆ దూరాన్ని చాలావరకు తగ్గించినవాడు కలకత్తా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన హీరేంద్ర చంద్ర గంగూలీ. అంతకుముందు 1931లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బ్రూల్ భారత మాసుల జాబితా తెచ్చారు, కానీ అది జాబితానే. చేతిలో ఉన్న మొక్క ఆ జాబితాలో ఏదో తేల్చుకునే దారి అందులో లేదు. గంగూలీ 1969 నుంచి 1980 దాకా ఎనిమిది భాగాలుగా తూర్పు భారతం, చుట్టుపక్కల ప్రాంతాల మాసుల గ్రంథం తెచ్చారు. జాతి జాతికీ వర్ణన, ఆకు బొమ్మ, కణం బొమ్మ, గుర్తించే కీ ఉన్నాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన పాతతరం వాళ్లు చాలామందికి ఆయన పేరు పాఠ్యపుస్తకం అట్ట మీద చూసిన జ్ఞాపకం ఉంటుంది. ఆయన అసలు ఆస్తి మాత్రం ఈ మాసుల గ్రంథమే. ప్రేమ్ బజార్ గోడ మీది మొక్కకు పేరు కావాలంటే నేటికీ మొదట తెరవవలసింది దాన్నే.

ఆ గ్రంథంతో పని ఎలా జరుగుతుందో చూస్తే వర్గీకరణ అంటే ఏమిటో అర్థమవుతుంది. గోడ నుంచి గోరంత గుబురు తీసి కాగితం పొట్లంలో పెడతారు. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, బూజు పడుతుంది. పొట్లం మీద తేదీ, ఊరు, గోడ సున్నానిదా సిమెంటుదా, నేల నుంచి ఎంత ఎత్తు, ఎండా నీడా రాస్తారు. ఇది రాయని నమూనా సగం విలువ పోగొట్టుకున్నట్టే. నీడన ఆరితే చాలు, పూల మొక్కల్లా నొక్కి అతికించే పని లేదు. ఏళ్ల తర్వాత తీసి వేడినీళ్లలో వేసినా ఆకు తన రూపం తాను తెచ్చుకుంటుంది. ఆపైన పట్టకారుతో ఒక్కొక్క ఆకునూ కాండం నుంచి ఒలిచి స్లయిడు మీద పరుస్తారు. బ్లేడుతో ఆకును అడ్డంగా, వీలైనంత పలచగా కోస్తారు. ఈనె లోపలి కణాలు ఎన్ని వరసలో చూడటానికి వేరే దారి లేదు. ఈ కోత చేతికి పట్టుబడటానికే నెలలు పడుతుంది.

అప్పుడు కీ మొదలవుతుంది. అది వరసగా అడిగే ప్రశ్నలు, ప్రతిదానికీ రెండే జవాబులు. ఆకులు కాండానికి రెండు వైపులే ఉన్నాయా, చుట్టూ ఉన్నాయా? రెండు వైపులే, ఆకు మొదలు చీలి పై ఆకును పట్టుకుని ఉంటే ఫిస్సిడెన్స్. చుట్టూ ఉంటే, ఈనె ఒకటా, రెండా, అసలు లేదా? కణాలు పొడుగా, గుండ్రమా? వాటి మీద బొడిపెలు ఉన్నాయా? ఒక్క జవాబు తప్పితే పది మెట్ల తర్వాత హిమాలయాల్లో పదివేల అడుగుల ఎత్తున పెరిగే జాతి దగ్గర తేలుతారు. అప్పుడు వెనక్కి రావాలి.

ఇంత తంటా ఎవరి కోసం అని అడిగేవాళ్లకు అక్వేరియం దుకాణం మంచి సమాధానం. చేపల తొట్టెల్లో వేసే ‘జావా మాస్’ దశాబ్దాల పాటు వెసిక్యులేరియా డుబ్యానా అన్న పేరుతో లోకమంతా అమ్ముడుపోయింది. 2000ల మొదట్లో సింగపూర్‌లో పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త బెనీటో టాన్, చేపల పెంపకందారులు తెచ్చిచ్చిన ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. వెసిక్యులేరియా ఆకు కణాలు వెడల్పుగా, ఆరు పలకలుగా ఉంటాయి. దుకాణాల్లో దొరికేదాని కణాలు సన్నగా పొడుగ్గా ఉన్నాయి. అది టాక్సిఫిల్లం బార్బియెరి, వేరే ప్రజాతి. ‘క్రిస్మస్ మాస్’గా అమ్మేది మాత్రం నిజంగానే వెసిక్యులేరియా జాతి అని తేలింది. కొన్నవాళ్లకు, అమ్మినవాళ్లకు, దాని మీద పుస్తకాల్లో రాసినవాళ్లకు అన్నాళ్లూ తెలియని విషయం ఒక ఆకును స్లయిడు మీద పెడితే తెలిసింది.

ఇప్పుడు కణాలతో పాటు డీఎన్‌ఏనూ చదువుతున్నారు. దాని తీర్పులు కొన్ని పాత పేర్లను కదిలించాయి. బ్రయం అన్న ఒక్క గొడుగు కింద ఉన్నవన్నీ ఒక్క వంశం కావని తేలాక కొందరు దాన్ని ముక్కలు చేశారు. బ్రయం కొరోనేటం కొన్ని పుస్తకాల్లో జెమ్మాబ్రయం కొరోనేటం అయింది, కొన్నిట్లో పాత పేరే ఉంది. ప్రయోగశాలల్లో అన్నిటికన్నా పేరుపడ్డ మాసు ఫిజ్కోమిట్రెల్లా పేటెన్స్‌ది ఇంకో కథ. 2008లో దీని జన్యు పటం మొత్తం చదివారు. మాసుల్లోనూ వాటి దగ్గరి చుట్టాల్లోనూ ఆ ఘనత మొదట దక్కింది దీనికే. కాడ దాదాపు లేని గుళిక వల్ల దాన్ని ఇన్నాళ్లూ వేరే ప్రజాతిగా ఉంచారు. డీఎన్‌ఏ చూశాక అది ఫిజ్కోమిట్రియంలోనే కలిసింది. అంటే చలికాలంలో బెంగాల్ పూలకుండీల్లో మొలిచే ఆ చిన్న కప్పుల మొక్కకు అది సొంత చుట్టమే.

డీఎన్‌ఏ వచ్చాక ఆకులు ఒలిచే పని అక్కర్లేదని అనుకోవడం పొరపాటు. సరిపోల్చడానికి ముందు సరైన పేరున్న నమూనా కావాలి. దాని పేరు తప్పైతే యంత్రం చెప్పే జవాబూ తప్పే అవుతుంది. ఊళ్ల గోడల నుంచి సరిగ్గా గుర్తించి దాచిన నమూనాలు మనకు చాలినన్ని లేవు. కొండల మీద వెతికినంతగా ఎవరూ రైల్వే కాలనీల్లో వెతకలేదు.

వెతికితే ఏం ఒరుగుతుందో అమెరికాలోని పోర్ట్‌లాండ్ చూపించింది. మాసుకు వేర్లు లేవు, గాలిలోంచి వచ్చిన దుమ్మూ లోహాలూ నేరుగా ఆకులోకే పోతాయి. ఈ గుణాన్ని వాడుకుని గాలి కాలుష్యం కొలవడం 1960ల చివర స్వీడన్‌లో మొదలైంది. పోర్ట్‌లాండ్‌లో 2013 డిసెంబరులో అక్కడి అటవీ శాఖ శాస్త్రవేత్తలు ఊరంతా తిరిగి చెట్ల మీద నుంచి ఒకే జాతి మాసు, ఆర్థోట్రైకమ్ లయెల్లీ, 346 నమూనాలు తీశారు. కాడ్మియం రంగు గాజు చేసే రెండు కర్మాగారాల చుట్టూ పోగుపడి ఉందని అవి బయటపెట్టాయి. 2016లో విషయం ఊరికి తెలిశాక ఆ కర్మాగారాలు కాడ్మియం వాడకం ఆపాయి. ఖరీదైన గాలి యంత్రాలు కొద్ది చోట్లే ఉంటాయి, మాసు వీధి వీధినా ఉంటుంది. ఒక్క షరతు: అన్ని చోట్లా తీసింది అదే జాతి అయి ఉండాలి. లోహాన్ని పీల్చుకునే తీరు జాతి జాతికీ వేరు. హయోఫిలానూ బార్బులానూ కలిపి తూచితే లెక్క చెడుతుంది. రైల్వే వర్క్‌షాపూ, పరిశ్రమలూ, లారీల దారులూ ఉన్న ఖరగ్‌పూర్‌లో ఇలాంటి పని చేయాలంటే మొదటి మెట్టు గుర్తింపే.

దానికి కావలసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. రైల్వే పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఇక్కడి కాలేజీల్లో జీవశాస్త్రం చదువుతున్నారు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిర్ణయించింది వీళ్ల కోసమే. సరిపోల్చుకోవడానికి దాదాపు 20 లక్షల నమూనాలున్న కేంద్ర జాతీయ హెర్బేరియం హావ్‌డా శిబ్‌పూర్‌లో ఉంది, ఖరగ్‌పూర్ నుంచి హావ్‌డాకు రైలు దారి 115 కిలోమీటర్లే. మొదలుపెట్టడానికి పదిరెట్ల భూతద్దం, పాత కాగితాల పొట్లాలు, పెన్సిలు చాలు. ఒక చోట గుబురంతా పెకలించకుండా గోరంత తీసుకోవాలి. హయోఫిలాను ఏ నెలలోనైనా చూడవచ్చు, నీటి చుక్క ఉంటే చాలు. బ్రయం పేరు తేలాలంటే ఎర్ర గుళికలు వేలాడే రోజులు కనిపెట్టాలి. ఫిజ్కోమిట్రియం కోసం మాత్రం చలికాలం దాకా ఆగి, చెరువు గట్టునో కుండీల తడి మట్టిలోనో, మార్చి ఎండలు ముదరక ముందే వెతకాలి.